జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖమ్మం నుంచి 2017లో మాస్టర్స్‌కి వచ్చా. అప్పటినుంచి స్టూడెంట్ పర్మిట్, జాబ్ వెతుక్కునే పర్మిట్, బ్లూ కార్డ్ (డిగ్రీ, తగిన జీతం ఉన్న ఉద్యోగులకిచ్చే పర్మిట్), చివరికి పర్మనెంట్ దాకా నా ఫైల్స్ అన్నీ నేనే చేసుకున్నా, తర్వాత చుట్టుపక్కల పిల్లలవి కూడా చాలా చూశా. 2023-24 వింటర్ సెమిస్టర్‌కే ఇక్కడ ఇండియన్ స్టూడెంట్స్ 49 వేలు దాటారు, అందులో మన తెలుగు పిల్లలు ఎక్కడ చూసినా కనిపిస్తారు, అందరికీ అవే డౌట్లు, అర్ధరాత్రి అదే భయంతో ఫోన్లు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. మొత్తం చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: గడువు తేదీలోపు మీ అప్లికేషన్ ఫారినర్స్ ఆఫీసుకి (విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసు) చేరిందని రుజువు మీ చేతిలో ఉండాలి.

## గడువుకి ముందు

అక్కా, నా పర్మిట్ ఇంకా మూడు నాలుగు నెలలుంది, ఇప్పటినుంచే మొదలుపెట్టాలా?

మొదలుపెట్టాలి. కార్డులన్నీ బెర్లిన్‌లో ఒకేచోట ప్రింట్ అవుతాయి, ఆఫీసు వాళ్ళు ఓకే అన్నాక కూడా చేతికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దానికి ముందు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపు వేరే. పెద్ద ఊళ్ళలో అయితే అదే నెలలకి నెలలు. మూడు నెలల ముందు డాక్యుమెంట్లు సిద్ధం చేసుకుని, రెండు నెలల ముందే అప్లికేషన్ పంపేయండి. "గుర్తొచ్చినప్పుడు చూద్దాంలే" అనుకుంటే కుదరదు, గడువు దగ్గర పడుతోందని ఆఫీసు మీకు ఉత్తరం రాస్తుందని అస్సలు ఆశపెట్టుకోవద్దు.

పాస్‌పోర్ట్ వచ్చే ఏడాది ఎక్స్‌పైర్ అవుతుంది, ముందు పాస్‌పోర్ట్ చేయించాలా, పర్మిట్టా?

టైమ్ ఉంటే పాస్‌పోర్టే ముందు. పర్మిట్ గడువు పాస్‌పోర్ట్ గడువు దాటి ఇవ్వరు, మీకు నాలుగేళ్ళ బ్లూ కార్డ్ రావాల్సి ఉన్నా పాస్‌పోర్ట్ పది నెలలే ఉంటే పది నెలలకే ఇస్తారు, మళ్ళీ ఫీజు, మళ్ళీ క్యూ. పాస్‌పోర్ట్ మీ రాష్ట్రం ఏ ఇండియన్ కాన్సులేట్ కిందికి వస్తే అక్కడ చేయించుకోవాలి, డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్, ఆఖెన్ వైపు వాళ్ళకి ఫ్రాంక్‌ఫర్ట్. అయితే పర్మిట్ గడువు దగ్గరకొచ్చేసి పాస్‌పోర్ట్ ఇంకా రాలేదనుకోండి, దానికోసం ఆగొద్దు. పాత పాస్‌పోర్ట్ కాపీతోనే పర్మిట్‌కి అప్లై చేసి, కాన్సులేట్ రసీదు జతచేసి, కొత్తది రాగానే పంపిస్తానని ఒక లైను రాయండి. కొత్తది వచ్చాక కూడా పాతదాన్ని పారేయకండి, ప్రయాణాల్లో రెండూ దగ్గరుంచుకోండి.

సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది, రెన్యువల్‌లో ప్రాబ్లమ్ అవుతుందా?

ఇది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఇనిషియల్‌గా, డిగ్రీలో చివర, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో. జర్మనీ వాళ్ళు పాస్‌పోర్ట్‌లో ఏముంటే అదే చూస్తారు, కాబట్టి ఇక్కడ అడ్రస్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ నంబర్, యూనివర్సిటీ, బ్యాంక్ అన్నీ పాస్‌పోర్ట్ ప్రకారమే ఉండేలా చూసుకోండి, అప్పుడు ఇండియా మెమోలో ఇనిషియల్ ఉన్నా పెద్దగా పట్టించుకోరు. పాస్‌పోర్ట్ రెన్యువల్లో పేరు స్పెల్లింగ్ గానీ సర్‌నేమ్ గానీ మారిస్తే మాత్రం ఇవన్నీ మళ్ళీ మార్చుకుంటూ రావాలి, ముఖ్యంగా సిటీ ఆఫీసులో అడ్రస్ రిజిస్ట్రేషన్ ముందు మార్చి, ఆ తర్వాతే పర్మిట్ ఫైల్ పంపండి. ఇంకో చిన్న విషయం, లెటర్‌బాక్స్ మీద మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అతికించండి. పేరు కనిపించకపోతే పోస్ట్‌మ్యాన్ ఆఫీసు ఉత్తరాలు వెనక్కి పంపేస్తాడు, మీకు తెలియను కూడా తెలియదు.

స్టూడెంట్ రెన్యువల్‌కి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగల ఖాతా) మళ్ళీ మొత్తం డబ్బు వేయాలా?

నెలకి 992 యూరోలు, అంటే ఏడాదికి 11,904 యూరోలు మీ దగ్గర ఉన్నాయనో వస్తాయనో చూపించాలి. అది బ్లాక్డ్ అకౌంటే కానక్కర్లేదు. స్కాలర్‌షిప్ అయినా, ఇక్కడ ఉన్న దగ్గరివాళ్ళు ఆఫీసులో ఇచ్చే హామీ పత్రమైనా, వర్కింగ్ స్టూడెంట్ కాంట్రాక్ట్‌తో పాటు పేస్లిప్పులైనా చెల్లుతాయి. చాలామందికి జీతం కొంత, సేవింగ్స్ కొంత కలిపి చూపిస్తే అయిపోయింది. ఊళ్ళో అమ్మానాన్న మళ్ళీ అప్పు చేసి పది లక్షలు పంపించేముందు మీ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి ఏది ఒప్పుకుంటారో అడగండి. అలా అడగకుండానే బంగారం తాకట్టు పెట్టిన ఇళ్ళు నాకు తెలుసు, ఆ పిల్లల పేస్లిప్పులే సరిపోయేవి.

సబ్జెక్టులు మిగిలిపోయాయి, చదువు లేటయింది, రిజెక్ట్ చేస్తారా?

లేటయినంత మాత్రాన రిజెక్ట్ చేయరు. సహేతుకమైన టైమ్‌లో ఈ చదువు పూర్తవుతుందా అనేదే వాళ్ళు చూస్తారు. క్రెడిట్స్ లిస్టు, ఇంకా ఏమి మిగిలాయి, ఏ సెమిస్టర్‌లో ఏది రాస్తారు అనేది ఒక పేజీలో మీరే రాసి, దానిమీద ప్రొఫెసర్‌తోనో స్టడీ అడ్వైజర్‌తోనో ఒక లెటర్ తీసుకోండి. జబ్బు చేసి ఆగిపోయుంటే డాక్టర్ కాగితం పెట్టండి, డిప్రెషన్ అయినా సరే, దాచిపెట్టొద్దు. దాచిపెడితే ఫైల్ చూసేవాళ్ళకి అది సోమరితనంలా కనిపిస్తుంది.

చవగ్గా వస్తోందని ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, రెన్యువల్‌లో ఒప్పుకుంటారా?

నెలకి ముప్పై నలభై యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ లాంటివి వీసాకి నడిచినా రెన్యువల్‌కి చాలాచోట్ల ఒప్పుకోరు. అసలు బాధ ఏంటంటే, 30 ఏళ్ళ లోపు స్టూడెంట్‌కి గవర్నమెంట్ ఇన్సూరెన్స్ స్టూడెంట్ రేటుకి వస్తుంది, కానీ మొదట్లోనే వద్దని మినహాయింపు తీసుకుంటే ఆ చదువు అయ్యేదాకా మళ్ళీ అందులోకి రానివ్వరు. కొత్తగా వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ గట్టిగా చెప్పేది ఇదే, మొదటి వారం తొందరలో ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే ప్రైవేట్‌లో ఉంటే ఇక్కడి చట్టానికి సరిపోయే పూర్తి కవరేజ్ ఉందని కంపెనీ నుంచి లెటర్ తీసుకుని పెట్టండి.

## అప్లై చేసేటప్పుడు

అపాయింట్‌మెంట్ అసలు దొరకట్లేదు, కార్డ్ ఎక్స్‌పైర్ అయితే ఇల్లీగల్ అయిపోతానా?

గడువులోపు అప్లికేషన్ పెట్టి ఉంటే అవ్వరు. రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81 పారా 4 ప్రకారం, టైమ్‌లో అప్లై చేసినవాళ్ళ పాత పర్మిట్, ఆఫీసు నిర్ణయం తీసుకునేదాకా కొనసాగుతున్నట్టే లెక్క. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది, అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోవడం వేరు, అప్లై చేయడం వేరు. అపాయింట్‌మెంట్ గడువు తర్వాత ఉంటే దాన్నే నమ్ముకుని కూర్చోకుండా, అప్లికేషన్ ఫారం నింపి సంతకం పెట్టి డాక్యుమెంట్లతో సహా ఆన్‌లైన్ పోర్టల్‌లోనో, మెయిల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్ట్‌లోనో పంపండి. పోర్టల్ ఇచ్చే కన్ఫర్మేషన్ పీడీఎఫ్, పోస్ట్ రసీదు, అన్నీ దాచండి. ఒక డాక్యుమెంట్ తక్కువైనా ఆగొద్దు, "ఫలానాది తర్వాత పంపిస్తాను" అని రాసి ఉన్నవాటితోనే పంపేయండి, తేదీ ముఖ్యం.

గడువు మొన్నే అయిపోయింది, నేను చూసుకోలేదు, ఇప్పుడేం చేయాలి?

ఈరోజే అప్లై చేయండి, రేపటికి వాయిదా వేయొద్దు. ఎందుకు లేటయిందో నిజం రాయండి, హాస్పిటల్‌లో ఉన్నారా, ఇంట్లో ఎవరైనా పోయారా, రుజువులుంటే జతచేయండి. లేటుగా అప్లై చేసినా, ఇబ్బందుల్లో పడతారనిపిస్తే పర్మిట్ కొనసాగుతున్నట్టు ఆర్డర్ ఇచ్చే అధికారం ఆఫీసుకి చట్టంలోనే ఉంది, కానీ అది వాళ్ళ విచక్షణ. ఆ ఆర్డర్ వచ్చేదాకా దేశం దాటొద్దు, పనికి వెళ్ళేముందు లాయర్‌ని అడగండి. యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్లలో చాలాచోట్ల ఫ్రీ లీగల్ సలహా దొరుకుతుంది, మనవాళ్ళు మొహమాటపడి వెళ్ళరు, వెళ్ళండి.

ఫోటో ఇండియాలో తీయించుకున్నవి ఉన్నాయి, అవి పనికొస్తాయా?

రావు. 2025 మే 1 నుంచి ప్రింట్ ఫోటోలు తీసుకోవట్లేదు, డిజిటల్ మాత్రమే. గుర్తింపు ఉన్న స్టూడియోలోనో డీఎమ్ లాంటి షాపులోనో తీయించుకుంటే ఒక కోడ్ ఇస్తారు, అది చూపిస్తే చాలు. కొన్ని ఆఫీసుల్లో మెషిన్ ఉంటుంది, అక్కడైతే 6 యూరోలు.

ఫీజు ఎంత? ఒకతను అపాయింట్‌మెంట్ ఇప్పిస్తానని 150 యూరోలు అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

మూడు నెలలకి మించి రెన్యువల్ అయితే 93 యూరోలు, కొత్తగా ఇచ్చేదైతే 100, పర్మనెంట్‌కి మామూలుగా 113, మధ్యలో ఇచ్చే తాత్కాలిక కాగితానికి 13. కట్టేది ఆఫీసుకే. అపాయింట్‌మెంట్‌కి రూపాయి కూడా లేదు, అమ్మేవాళ్ళకి ఇవ్వకండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, మీ పాస్‌పోర్ట్ కాపీ, పుట్టిన తేదీ, అడ్రస్ అన్నీ ఎవరో తెలియనివాడి ఫోన్‌లో ఉండటం ఇంకా పెద్ద ప్రమాదం.

నాకు జర్మన్ రాదు, కౌంటర్‌లో ఇంగ్లీష్ మాట్లాడతారా?

మాట్లాడేవాళ్ళు ఉంటారు, మాట్లాడనివాళ్ళూ ఉంటారు, ఆఫీసు భాష జర్మనే కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేం. జర్మన్ తెలిసిన ఫ్రెండ్‌ని తీసుకెళ్ళొచ్చు, ఎవరూ అభ్యంతరం పెట్టరు. మెయిల్ మాత్రం జర్మన్‌లోనే రాయండి, సబ్జెక్ట్‌లో పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫైల్ నంబర్. ఇంగ్లీష్‌లో రెండు పేజీలు రాసేకన్నా జర్మన్‌లో నాలుగు లైన్లు రాస్తే జవాబు తొందరగా వస్తుంది, నా అనుభవం ఇది.

## ఎదురుచూసేటప్పుడు

ఫిక్షన్ పేపర్ మీద ఇండియా వెళ్ళి రావొచ్చా? అక్క పెళ్ళి ఉంది

నిర్ణయం వచ్చేదాకా ఆఫీసు ఇచ్చే తాత్కాలిక కాగితం ఇది, పూర్తి పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, మనం ఫిక్షన్ అంటాం. లోపల మూడు గడులు ఉంటాయి, వాటిలో మూడోది, అంటే పారా 4 కింద పాత పర్మిట్ కొనసాగుతోంది అనే గడిలో టిక్ ఉంటే వెళ్ళి తిరిగి రావొచ్చు. మొదటి గడిలో, అంటే పారా 3 కింద టిక్ ఉంటే బయటికి వెళ్ళగలరు గానీ ఆ కాగితంతో తిరిగి లోపలికి రాలేరు. నాకు 2019లో ఒక ఆఫీసులో పొరపాటున మొదటి గడిలో టిక్ పెట్టి ఇచ్చారు, నేను మెట్లు దిగుతూ చదువుకున్నా కాబట్టి సరిపోయింది, వెనక్కి వెళ్ళి అడిగితే ఐదు నిమిషాల్లో మార్చి ఇచ్చారు. చదవకుండా శంషాబాద్ దాకా వెళ్ళిపోయుంటే కొత్త వీసా వచ్చేదాకా అక్కడే ఉండాల్సొచ్చేది. అందుకే కౌంటర్ వదిలేముందే చూసుకోండి. తిరుగు ప్రయాణం రోజు కూడా ఆ కాగితం గడువులోపే ఉండాలి, పాత కార్డు, పాస్‌పోర్ట్ కూడా దగ్గరుంచుకోండి. ఎయిర్‌లైన్ కౌంటర్‌లో అబ్బాయికి ఈ కాగితం తెలియకపోవచ్చు, అరగంట ముందే వెళ్ళండి, వీలైతే జర్మనీలోనే దిగే ఫ్లైట్ తీసుకోండి.

చదువైపోయింది, ఫుల్‌టైమ్ జాబ్ వచ్చింది, ఫిక్షన్ మీదే జాయిన్ అయిపోవచ్చా?

ఫిక్షన్ ఉన్నంత మాత్రాన కాదు. అది పాత పర్మిట్‌ని పాత షరతులతోనే కొనసాగిస్తుంది, మీది స్టూడెంట్ పర్మిట్ అయితే ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ అనే లిమిట్ అలాగే ఉంటుంది. అయితే ఆఫీసు మీ కొత్త పర్మిట్ ఓకే చేసి కార్డు ప్రింటింగ్‌కి పంపాక, కార్డు రాకముందే కొత్త ఉద్యోగం చేసుకోవచ్చు, దాన్ని ఫిక్షన్ కాగితం మీద రాసి ఇవ్వాలి. "జాయినింగ్ డేట్ ఫలానా, పని చేయొచ్చని ఫిక్షన్‌లో రాయండి" అని కాంట్రాక్ట్‌తో పాటు అడగండి. ఆ లైను లేకుండా హెచ్‌ఆర్ జాయిన్ అవమన్నా అవ్వకండి, తర్వాత ఇబ్బంది పడేది మీరు కూడా.

మధ్యలో వేరే సిటీకి మారాను, నా ఫైల్ ఏమవుతుంది?

కొత్త ఊళ్ళో రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయగానే బాధ్యత అక్కడి ఆఫీసుకి మారుతుంది, పాత ఆఫీసు నుంచి ఫైల్ తెప్పించుకుంటారు, ఆ తెప్పించుకోవడంలోనే వారాలు పోతాయి. కొత్త ఆఫీసుకి మీరే అప్లికేషన్ కాపీ, పాత కన్ఫర్మేషన్ పంపేయండి. చాయిస్ ఉంటే కార్డు చేతికొచ్చాక మారండి.

ఆరు నెలలైంది, ఒక్క రిప్లై లేదు, ఎవరిని అడగాలి?

రెండు వారాలకోసారి మర్యాదగా మెయిల్, తర్వాత రిజిస్టర్డ్ పోస్ట్‌లో ఉత్తరం, అందులో ఒక గడువు తేదీ పెట్టండి. అన్ని డాక్యుమెంట్లూ ఇచ్చి మూడు నెలలు దాటినా సరైన కారణం లేకుండా నిర్ణయం తీసుకోకపోతే అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో కేసు వేసే హక్కు ఉంది. కోర్టు అంటే మనవాళ్ళు వణికిపోతారు, కేసు వేస్తే పగబట్టి రిజెక్ట్ చేస్తారని. ఇక్కడ అది మామూలు హక్కు, లాయర్ ఉత్తరం రాయగానే కదిలిన ఫైళ్ళు నేను చూశా.

## ఉద్యోగం, జాబ్ సెర్చ్

మాస్టర్స్ అయిపోయింది, 18 నెలల జాబ్ సెర్చ్ పర్మిట్‌లో ఏ పనైనా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, గంటల లిమిట్ లేదు, డెలివరీ అయినా వేర్‌హౌస్ అయినా. కానీ ఆ పర్మిట్ 18 నెలలకి మించి పొడిగించరు. ఖర్చులకని వేర్‌హౌస్‌లో చేరి, అలసిపోయి, జాబ్ అప్లికేషన్లు ఆపేసి 14వ నెలలో నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. మొదటి ఆరు నెలలూ అప్లికేషన్లకీ జర్మన్‌కీ పెట్టండి, పని పార్ట్‌టైమ్‌గా చేయండి. డిగ్రీ సర్టిఫికెట్ రాకపోయినా యూనివర్సిటీ ఇచ్చే పూర్తయిందన్న లెటర్‌తో అప్లై చేయొచ్చు.

బ్లూ కార్డ్ రెన్యువల్‌కి పాత శాలరీ లిమిట్ చూస్తారా, కొత్తదా?

కొత్తది. ప్రతి జనవరికీ లిమిట్ మారుతుంది, 2025లో 48,300 యూరోలు, 2026లో 50,700. ఐటీ లాంటి కొరత ఉన్న పనులకీ, కొత్తగా డిగ్రీ అయినవాళ్ళకీ తక్కువ లిమిట్ ఉంది, అది 2025లో 43,759.80, 2026లో 45,934.20. మీ జీతం అంచు మీద ఉంటే రెన్యువల్‌కి ఆరు నెలల ముందే మేనేజర్‌తో మాట్లాడండి. కుదరకపోతే బ్లూ కార్డ్ బదులు స్కిల్డ్ వర్కర్ పర్మిట్‌కి వెళ్ళొచ్చు.

బ్లూ కార్డ్ మీద కంపెనీ మారితే కొత్త పర్మిట్ కావాలా?

బ్లూ కార్డ్ ఉద్యోగం మొదటి 12 నెలల్లో అయితే ఆఫీసుకి తెలియజేయాలి, వాళ్ళు 30 రోజుల దాకా ఆపి చూసే హక్కు ఉంది. ఏడాది దాటితే ఆ చెకింగ్ లేదు. అయినా కాంట్రాక్ట్ కాపీ మెయిల్ చేసి పెట్టుకుంటే మంచిది.

లేఆఫ్ చేశారు, వెంటనే ఇండియా వెళ్ళిపోవాలా?

లేదు. ముందు ఊపిరి తీసుకోండి. నోటీస్ పీరియడ్ అయ్యేదాకా మీరు ఉద్యోగే. కంపెనీ బయటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే అగ్రిమెంట్ మీద అదేరోజు సంతకం పెట్టొద్దు, దానివల్ల నిరుద్యోగ భృతి 12 వారాలు ఆగిపోవచ్చు. తీసేయడం అన్యాయమనిపిస్తే లేబర్ కోర్టుకి వెళ్ళడానికి మూడు వారాలే టైమ్. నోటీస్ అందిన మూడు రోజుల్లో లేబర్ ఏజెన్సీలో జాబ్ వెతుకుతున్నట్టు నమోదు చేసుకోవాలి, ఉద్యోగం గడువుకి ముందే పోతే రెండు వారాల్లో ఫారినర్స్ ఆఫీసుకి మీరే చెప్పాలి, కంపెనీ కూడా నాలుగు వారాల్లో చెప్తుంది, కాబట్టి దాచి లాభం లేదు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు వెతుక్కోవడానికి టైమ్ ఇస్తారు. గత 30 నెలల్లో 12 నెలలు కాంట్రిబ్యూషన్ కట్టుంటే వచ్చే భృతి మీ డబ్బే, అది తీసుకోవడం తప్పు కాదు, సిగ్గుపడాల్సిన పని అసలే కాదు.

## కుటుంబం

ఇక్కడ పాప పుట్టింది, ముందు పాస్‌పోర్టా, పర్మిట్టా?

ముందు సిటీ రిజిస్ట్రీలో బర్త్ సర్టిఫికెట్, తర్వాత ఇండియన్ కాన్సులేట్‌లో జనన నమోదు, పాస్‌పోర్ట్, ఆపైన పర్మిట్. పర్మిట్ అప్లికేషన్ పుట్టిన ఆరు నెలల్లో పెట్టాలి, కాన్సులేట్ నమోదు ఏడాది లోపు అయిపోవాలి. బర్త్ సర్టిఫికెట్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు, మన మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారు, దానిమీద ఇండియాలో అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం వేసే ముద్ర) చేయించుకొస్తారు, కానీ ఇండియా అపోస్టిల్‌ని జర్మనీ గుర్తించదు. సర్టిఫైడ్ జర్మన్ అనువాదం కావాలి, అనుమానం ఉంటే ఇండియాలో లాయర్ ద్వారా వెరిఫికేషన్ చేయిస్తారు, అది నెలలు పడుతుంది. ప్రెగ్నెన్సీ ఐదో నెలలోనే రిజిస్ట్రీకి వెళ్ళి ఏమేం కావాలో లిస్ట్ రాయించుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఐదేళ్ళ నివాసం, పర్మనెంట్ రెండూ ఉంటే పాప పుట్టుకతోనే జర్మన్ పౌరురాలు అవుతుంది, అప్పుడు దారి వేరు.

నేను డిపెండెంట్ మీద వచ్చాను, ఆయనతో ఉండలేకపోతున్నా, విడిపోతే నా పర్మిట్ పోతుందా?

ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, విడిగా మెసేజ్ చేసి అడుగుతారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇద్దరూ జర్మనీలో కలిసి మూడేళ్ళు ఉన్నాక విడిపోతే మీకు సొంతంగా పర్మిట్ వచ్చే హక్కు ఉంది. మూడేళ్ళు కాకపోయినా, ఇంట్లో హింస ఉంటే ఆ మూడేళ్ళ నిబంధనకి మినహాయింపు ఉంది. "మాట వినకపోతే వీసా క్యాన్సిల్ చేయిస్తా" అని బెదిరిస్తే నమ్మకండి, భర్తకి ఆ అధికారం లేదు, నిర్ణయం ఆఫీసుది. దెబ్బలు తగిలితే డాక్టర్ దగ్గర రాయించుకోండి. మీ పాస్‌పోర్ట్, కార్డు మీ దగ్గరే పెట్టుకోండి. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 116 016, ఫ్రీ, 24 గంటలూ, ఇంగ్లీష్‌లో కూడా మాట్లాడతారు.

నాన్నకి సీరియస్, ఇండియాలో ఎన్నాళ్ళు ఉండొచ్చు?

మామూలు పర్మిట్ అయితే ఆరు నెలలు దాటితే దానంతటదే రద్దవుతుంది, బ్లూ కార్డ్‌కి 12 నెలలు. ఎక్కువ కాలం ఉండాల్సొస్తుందనిపిస్తే వెళ్ళేముందే, వెళ్ళాకైనా ఆరు నెలలు నిండకముందే, హాస్పిటల్ కాగితాలతో ఆఫీసుకి రాసి ఎక్కువ గడువు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో సరేనన్న మాట మీద ఉండిపోవద్దు.

## పర్మనెంట్

పర్మనెంట్‌కి ఎప్పుడు అప్లై చేయొచ్చు?

బ్లూ కార్డ్ మీద 27 నెలల ఉద్యోగం, పెన్షన్ కాంట్రిబ్యూషన్, ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ ఉంటే చాలు. బీ1 (మూడో మెట్టు) ఉంటే 21 నెలలకే. జర్మనీలోనే డిగ్రీ చేసి స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకి రెండేళ్ళు, బీ1 కావాలి. ఇక్కడి సమాజం గురించి 33 ప్రశ్నల పరీక్ష ఉంటుంది, పర్మనెంట్‌కి 15 సరిపోతాయి, సిటిజన్‌షిప్‌కి 17 కావాలి, అందుకే ఒకేసారి 17 టార్గెట్ పెట్టుకుని చదవండి. బీ1 ని తేలిగ్గా తీసుకుని ఏళ్ళు వాయిదా వేసేవాళ్ళే ఎక్కువ. రోజుకి గంట చొప్పున కూర్చోండి, ఉద్యోగం పోతే పర్మిట్ ఏమవుతుందో అన్న భయం ఆ ఒక్క సర్టిఫికెట్‌తో ఎంత తొందరగా తగ్గుతుందో నేను అనుభవించి చెప్తున్నా.

పర్మనెంట్ కార్డు మీద కూడా గడువు తేదీ ఉంది, అంటే మళ్ళీ ఇదంతా చేయాలా?

లేదు. ఆ తేదీ ప్లాస్టిక్ కార్డుది, మీ హక్కుది కాదు. పాస్‌పోర్ట్ మారినప్పుడో కార్డు గడువు అయినప్పుడో కొత్త ఫోటో కోడ్, కొత్త పాస్‌పోర్ట్, ఫీజు ఇస్తే కొత్త కార్డు ఇస్తారు, జీతం అడగరు, కాంట్రాక్ట్ అడగరు. ప్రయాణాలు ఉంటాయి కాబట్టి కార్డు గడువుకి రెండు నెలల ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి.